సగం కప్పు కాఫీ

నాలుగు నెలల సెలవు తర్వాత బోడిల్ మళ్ళీ పనిలో చేరిన మొదటి శుక్రవారం, ఫ్రిజ్ తలుపు మీద రొట్టెల జాబితాలో తన పేరు కనబడలేదు.

దీవి అంచున, స్వెన్‌బోర్గ్ రేవుకు రెండు వీధుల అవతల ఉన్న ఆ పళ్ళ ల్యాబులో పదకొండు మంది పనిచేస్తారు. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి క్యాపులూ బ్రిడ్జీలూ కట్టుడుపళ్ళూ చేసి పంపుతారు. శుక్రవారం తొమ్మిదింటికి మాత్రం పనులాపి అందరూ ఒకే బల్ల చుట్టూ చేరతారు. వారానికొకరి వంతు. వంతు వచ్చినవాళ్ళు పొద్దున్నే బేకరీకి వెళ్ళి గసగసాలు చల్లిన గుండ్రటి రొట్టెలు, వెన్న, చీజ్, జామ్ తెచ్చి బల్లమీద పరచాలి. ఒకసారి మరిచిపోతే ఆ మాట రిటైరయ్యే రోజు ఉపన్యాసంలో కూడా వస్తుంది. మా దేశంలో రాజ్యాంగం తర్వాత అంత గట్టి కాగితం ఏదైనా ఉందంటే అది ఆ జాబితానే.

పేరు మీద అడ్డంగా గీత పెట్టి ఉంటే బోడిల్‌కి అంత బాధ కలిగేది కాదు. ఒకప్పుడు ఉండేదన్న గుర్తన్నా మిగిలేది. ఇది కొత్తగా టైపు చేసిన కాగితం. పంతొమ్మిదేళ్ళుగా అస్గెర్ పేరు కింద ఉన్న తన చోటులోకి ఇంకో పేరు జరిగి వచ్చింది. మొత్తం పది పేర్లు, ఎక్కడా ఖాళీ లేదు.

పింగాణీ పనితో పాటు ఆఫీసు కాగితాల పనీ యూర్సాదే. నలభై ఏళ్ళ మనిషి, మంచిది, ఆ మంచితనంతోనే చంపుతుంది. బోడిల్ జాబితా వైపు చూడటం గమనించి దగ్గరికొచ్చింది.

"నీకెందుకులే శ్రమ అని తీసేశాం బోడిల్. నువ్వు ఊరికే వచ్చి తిను, చాలు," అంది, జ్వరం వచ్చిన పిల్లతో మాట్లాడినట్టు.

"థాంక్స్," అంది బోడిల్. ఇంకేమంటుంది?

అస్గెర్ కాఫీ పోస్తున్నాడు. ఆమె పక్క బల్ల మీద పనిచేసే అరవై ఏళ్ళ మనిషి. అందరికీ నిండా పోసి, బోడిల్ కప్పు దగ్గరికి వచ్చేసరికి సగంలో ఆపాడు. ఆమె చెయ్యి వణుకుతుంది కదా, ఒలికితే సిగ్గుపడుతుందని. ఎవరూ ఆ కప్పు వైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం కంటే అందరూ తేరిపార చూసినా బాగుండుననిపించింది ఆమెకి.

వణుకు లిథియం మందుది. బోడిల్‌కి ఇరవై ఏడో ఏట నుంచీ బైపోలార్ ఉంది. కొన్ని నెలలు మనసు ఆకాశానికి ఎక్కుతుంది, కొన్ని నెలలు మంచం దిగనివ్వదు. ఇక్కడికి రాకముందు ఒక బ్యాంకూ ఒక పూలకొట్టూ ఆమెని భరించలేక వదిలేశాయి. ఈ ల్యాబ్ వదల్లేదు. ఎందుకంటే ఆమె చేతిలో ఆ పని అంత బాగా ఉండేది. పింగాణీ పొడి నీళ్ళతో తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి పన్ను చెయ్యటంలో ఆమెని మించినవాళ్ళు ఆ దీవిలో లేరు. ఉత్తరం కిటికీ దగ్గర కుర్చీ ఆమెది. పన్ను రంగు సరిగ్గా తెలిసేది ఆ వెలుతురులోనే.

పోయినేడు డాక్టరు మందు మోతాదు పెంచాడు. మనసు కుదుటపడింది, చెయ్యి కుదురు తప్పింది. కుంచె మొన అంచు దాటసాగింది. ముందు నుయ్యి వెనక గొయ్యి. జనవరిలో ఎవరికీ చెప్పకుండా మందు ఆపేసింది.

ఫిబ్రవరికల్లా చేతులు రాయిలా నిలిచాయి. మార్చిలో ఆమె చేసిన పళ్ళు చూసి ఒక పళ్ళ డాక్టరు ఫోన్ చేసి, అసలు పన్ను ఏదో కట్టింది ఏదో నాకే తెలియలేదన్నాడు. యజమాని ప్రేబెన్ ఆ పళ్ళ ఫోటో పెద్దది చేయించి గోడకి తగిలించాడు. నిద్ర మూడు గంటలకి తగ్గిందన్న సంగతి ఆ ఫోటోలో పడలేదు.

ఏప్రిల్లో ఆమె వంతు శుక్రవారం వచ్చింది. పొద్దున్న ఏడు కాకముందే మూడు బేకరీలు ఖాళీ చేసి ఎనభై రెండు రొట్టెలు తెచ్చింది. బల్లంతా రొట్టెలే. ఒక్కొక్కరికీ ఏ రొట్టె ఎందుకు తగినదో చెబుతూ బల్ల చుట్టూ తిరిగింది. తర్వాత అస్గెర్ బల్ల మీదున్న బ్రిడ్జి తీసి వెలుతురుకి పట్టి చూసింది. ఆరు పళ్ళు, వారం రోజుల పని. "ఇవి శవం పళ్ళు అస్గెర్!" అని నేలకేసి కొట్టింది.

అస్గెర్ లేచి వెళ్ళాడు. చీపురు తెచ్చి ముక్కలు ఎత్తాడు. ఆ సాయంత్రమే చెల్లెలు మెరేటె వచ్చి బోడిల్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

తిరిగొచ్చాక ఎవరూ ఆ రోజు మాట ఎత్తలేదు. రొట్టెల మాటా లేదు, బ్రిడ్జి మాటా లేదు. ఒకరి పుండు మీద చెయ్యి పెట్టకూడదన్నది మా వాళ్ళ మర్యాద. పుండుకి మందు రాయాలన్నా చెయ్యి పెట్టాలని వాళ్ళకి తట్టదు. ఆమె గదిలోకి వస్తే నవ్వులు ఒక మెట్టు దిగేవి. ఒకర్నొకరు ఏడిపించుకోవటం, నీ క్యాపు గుర్రం పన్నులా ఉందనటం, అవన్నీ ఆమె దాకా వచ్చి పక్కకి తప్పుకునేవి. రోజుకి నాలుగు గంటలు వెనక గదిలో ప్లాస్టర్ అచ్చులు చెక్కి, పన్నెండింటికి "రేపు కలుద్దాం" అనేది. పది గొంతులు ఒకేసారి "రేపు కలుద్దాం" అనేవి. ఆ రోజుకి ఆమెతో ఎవరైనా మాట్లాడింది అంతే.

నవంబరు మొదట్లో ప్రేబెన్ పిలిచాడు.

"కిటికీ దగ్గర కుర్చీ నీదే బోడిల్. ఎవర్నీ కూర్చోబెట్టలేదు. కానీ ఎల్లకాలం ఖాళీగా ఉంచలేను కదా."

"తెలుసు."

"ఒక టీచరమ్మకి పై వరసలో ముందు పన్ను. ఒక్కటే. మూడు వారాల్లో కావాలి. చేసి చూపించు, కుర్చీ తీసుకో."

"లేకపోతే?"

ప్రేబెన్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "లేకపోతే అచ్చుల పని ఉందిగా. అది ఎక్కడికీ పోదు."

ముందు పన్ను ఒక్కటి చెయ్యటమంత కష్టం ఇంకోటి లేదు. పక్కనే అసలుది నిలబడి వెక్కిరిస్తూ ఉంటుంది. ఆ వారమంతా మూడు ప్రయత్నాలు చేసింది బోడిల్. మూడూ అంచు దగ్గర మసకబారాయి.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర వారం మాత్రలు సర్దటం ఆమె అలవాటు. ఏడు అరల డబ్బా. ఆ రోజు విటమిన్ వేసింది, థైరాయిడ్ మాత్ర వేసింది, లిథియం సీసా దగ్గర ఆగింది. మూడు వారాలు ఆపితే చాలు. మనసు పైకెక్కటానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పన్ను పూర్తవగానే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. లెక్క బాగా కుదిరింది. జనవరిలో వేసుకున్న లెక్క కూడా ఇంత బాగానే కుదిరింది.

ఫోన్ మోగింది. మెరేటె. ప్రతి ఆదివారం చేస్తుంది.

"రేడియోలో ఎవడో వాతావరణం చెబుతూ తుమ్మాడే! తుమ్మి, ఇది పడమటి గాలి ప్రభావం అన్నాడు," అని నవ్వింది బోడిల్.

మెరేటె నవ్వలేదు.

"అక్కా, ఏంటి గొంతు హుషారుగా ఉంది? నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"మందులు?"

"సర్దుకుంటున్నా."

ఫోన్ పెట్టేసింది. నవ్వినా తప్పే. నవ్వకపోతే ఇంకో తప్పు. మార్చి నెల ఎంత బాగుండేది! ఎవరితోనైనా మాట్లాడేది, దారిన పోయేవాళ్ళని కూడా ఆపి మాట్లాడేది. ఆ రోజుల్లో తను ఒంటరిగా లేననుకుంది. ఇప్పుడు తలచుకుంటే, ఎనభై రెండు రొట్టెల చుట్టూ మాట్లాడింది తనొక్కతే. మిగిలిన పదిమందీ కప్పుల్లోకి చూస్తున్నారు. అస్గెర్ వంగి ముక్కలు ఎత్తుతున్నాడు. ఒక ముక్క కొలిమి కిందికి దొర్లితే మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపి మరీ తీశాడు.

ఆమె లిథియం సీసా మూత తీసింది. ఏడు అరల్లోనూ వేసింది. వేస్తుంటే ఏడుపొచ్చింది, ఏడ్చింది. కుర్చీ పోయినట్టే అని ఆమెకి తెలుసు.

పదకొండో ప్రయత్నానికి పన్ను తయారైంది. ప్రేబెన్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఇటూ అటూ తిప్పాడు.

"బాగుంది," అన్నాడు.

"వెనక పన్నుకైతే బాగుంది ప్రేబెన్. ముందు పన్నుకి చాలదు. నీకూ తెలుసు."

అతను తల ఊపాడు. బోడిల్ గోడ మీద ఫోటో చూపించింది.

"అవి మందు ఆపి చేసినవి. జనవరి నుంచి ఆపేశాను. మీరు మెచ్చుకుంది నా జబ్బుని."

ప్రేబెన్ ఫోటో వైపు చూశాడు, ఎవరో పరాయివాళ్ళది చూసినట్టు.

"మాకెందుకు చెప్పలేదు?"

"మీరెందుకు అడగలేదు? నిద్ర లేక నా కళ్ళు ఎర్రబడి ఉండేవి."

"అడిగితే బాగుండదేమో అనుకున్నాం."

"అదే మరి."

కుర్చీ యూర్సాకి వెళ్ళింది. బోడిల్‌కి అచ్చుల పని ఖాయం, పూట పని, ఎప్పటికీ. పన్ను రంగు నిర్ణయించాల్సి వస్తే ఆమెని కిటికీ దగ్గరికి పిలుస్తారు, కన్ను వణకదు కాబట్టి. ఇది చిన్న విషయం కాదు, పెద్ద విషయమూ కాదు. పంతొమ్మిదేళ్ళ కుంచెలు గుడ్డలో చుట్టి సొరుగులో పెడుతుంటే, బిడ్డని ఎవరింట్లోనో వదిలి వస్తున్నట్టనిపించింది.

వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ దగ్గర ఆగింది. జేబులోంచి పెన్ను తీసి అస్గెర్ పేరు కింద ఇరుకు సందులో తన పేరు రాసింది. దాని పక్కనే, రాబోయే శుక్రవారం తేదీ వేసింది. టైపు అక్షరాల మధ్య ఆ పేరు వంకర్లు పోయింది. ఎంత వణికిందో అంతా కనబడుతోంది. అలాగే వదిలేసింది.

శుక్రవారం బేకరీలో "పదకొండు" అంది. సంచీలో వేశాక మళ్ళీ లెక్కపెట్టమంది.

తొమ్మిదింటికి అందరూ చేరారు. వెన్న చేతులు మారింది. వాన గురించి ఇద్దరు మాట్లాడారు. అస్గెర్ ఒక రొట్టె తీసుకుని, ఖాళీ అయిన సంచీ ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"ఇంతేనా? మిగతా డెబ్బై ఒకటీ కారులో మరిచిపోయావా?"

బల్ల చుట్టూ కత్తులు ఆగిపోయాయి. "అస్గెర్!" అంది యూర్సా, ముఖం ఎర్రగా చేసుకుని.

బోడిల్ గట్టిగా నవ్వింది. నిద్ర పడుతోందా అని ఎవరూ అడగలేదు.

"అవి నీ ఫ్రీజర్లో ఉండాలి. ఆ రోజు మూట కట్టుకెళ్ళింది నువ్వేనట కదా."

"మే నెలాఖరుదాకా అవే తిన్నాం. మా ఆవిడకి ఇప్పటికీ గసగసాలు చూస్తే కడుపులో తిప్పుతుంది."

ఎవరో ఫక్కున నవ్వారు. బోడిల్ నవ్వు ఆపి బల్ల వైపు చూసింది.

"అస్గెర్, ఆ బ్రిడ్జి…"

"రెండోసారి చేసింది ఇంకా అధ్వాన్నంగా వచ్చింది," అన్నాడు అస్గెర్, రొట్టెకి వెన్న రాస్తూ. "డాక్టరు తిప్పి పంపాడు. ఏడు నెలల నుంచి నీకు చెబుదామని. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు."

"ఇంతకీ శవం పళ్ళేనా అవి?"

"శవానివే. కాకపోతే కుళ్ళిన శవం కాదు, కొత్తది."

అతను కాఫీ కూజా అందుకున్నాడు. వరసగా పోస్తూ వచ్చి, బోడిల్ కప్పులో సగం దాటాక కూడా ఆపలేదు. అంచుదాకా పోశాడు. ఆమె రెండు చేతులతో ఎత్తింది. మొదటి గుక్కకి ముందే సాసర్లోకీ, బల్ల మీదికీ, యూర్సా పళ్ళెం దాకా ఒలికింది.

అస్గెర్ తలెత్తకుండా గుడ్డ ఆమె వైపు విసిరాడు.

"నువ్వే తుడువు. నీ వంతు."

బోడిల్ తుడిచింది. తర్వాత మిగిలిన కాఫీ తాగింది.