చీలమండలో మిగిలిన సగం స్క్రూ

కాలి సంగతిలో డాక్టర్‌ను కాదని ఫోర్‌మన్ మాట విన్న తెలివితేటలు నావి. డెబ్బైల్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో టెంపరరీ ఫిట్టర్‌ని. మెట్ల మీద జారి చీలమండ లిగమెంట్లు తెగితే, ఆపరేషన్ చేసి ఎముకల మధ్య స్క్రూ బిగించారు. "మూడు నెలలకు వస్తే తీసేస్తాను. అందాకా కాలి మీద బరువు మోపకు, స్క్రూ విరుగుతుంది," అన్నారు డాక్టర్.

గడువు రాగానే సెలవు అడిగితే ఫోర్‌మన్ నవ్వాడు. "ఏందయ్యా, ఫిట్టర్‌వై ఉండి, మంచిగ పట్టుకున్న స్క్రూ ఇప్పిస్తవా? మల్ల సెలవంటె నీ జాగల ఇంకొకణ్ణి పెడ్త, సూస్కో!"

నిజమేననిపించింది. బిగించడమే తెలిసిన బుర్ర కదా! డ్యూటీకెక్కాను. ఒకరోజు షాఫ్ట్ ఎత్తుతుంటే కాల్లో టక్కుమంది. మళ్లీ ఆపరేషన్ చేసినా, విరిగిన స్క్రూలో తల వైపు సగమే తీయగలిగారు. మిగతాది ఎముకలోనే ఉండిపోయింది. నా ఉద్యోగం కంటే ముందు నా కుంటినడక పర్మనెంటయింది.

ఆ దసరాకు ఆయుధపూజలో, పానాలు, సుత్తుల పక్కన కాల్లోంచి తీసిన ఆ స్క్రూ ముక్కనూ పెట్టాను. ఫోర్‌మన్ అన్నిటికీ కుంకుమ పెట్టి దండం పెట్టాడు.

"గిది ఏ మిషన్‌దయ్యా?"

"నా కాలిది సార్. మీరు ఇప్పొద్దన్నారే, అదే."

కొట్టడానికి ఎత్తిన కొబ్బరికాయ అతని చేతిలోనే ఆగిపోయింది. కుంటుకుంటూ వెళ్లి, అది తీసుకుని నేనే కొట్టాను.