కల్లంలో వినపడ్డ పిలుపు

శవాలు కోసి చదువుకున్నదాన్ని. ప్రాణం పోయిన మనిషి ఒళ్ళు ఎలా చల్లబడుతుందో నా చేతులకు తెలుసు. దయ్యాలూ పూనకాలూ అంటే నాకు ఎప్పుడూ నమ్మకం కలగలేదు. ఇప్పుడు కలిగిందని కూడా అనను. జరిగింది మాత్రం చెబుతాను.

నేను కాన్పుల డాక్టరును. అనంతపురంలో రిటైర్ కాకముందు కొన్నేళ్ళు ఆఫ్రికాలోని బ్లాంటైర్ నగరంలో వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పాను. అక్కడ నాతో కలిసి వార్డు నడిపిన సీనియర్ నర్సు పేరు చిఫుందో. ఇద్దరిదీ ఒకే ఈడు. భోజనం కూడా కలిసే చేసేవాళ్ళం.

కిందటేడు ఆమె ఫోన్ చేసింది. పాఠాలు చెప్పేవాళ్ళు లేక కాలేజీ పిల్లల చదువు పాడవుతోందని, జీతం ఉండదుగానీ కొన్ని నెలలు వచ్చిపొమ్మని అడిగింది. నా మోకాళ్ళు ఒప్పుకోవన్నాను. ఆమె బలవంతపెట్టలేదు.

ఆ తర్వాత చెనిక్కాయల కాలంలో, ఒక మధ్యాహ్నం, గార్లదిన్నె దగ్గరున్న మా అన్న పొలానికి వెళ్ళాను. కల్లంలో వేరుశనగ కాయ ఆరబోసి ఉంది. వరసగా ఎండిపోయిన ఏళ్ళ తర్వాత చేతికొచ్చిన పంట. నాగమ్మ వదిన చేటతో కాయ చెరుగుతోంది. బడి మొహం చూడని మనిషి. జిల్లా దాటి ఎరగదు.

ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగాయి. నా వైపు తిరిగి, "బ్వెరాని, అమాయి" అంది.

గొంతు ఆమెదే. మాట ఆమెది కాదు. బ్లాంటైర్ జనం మాట్లాడే చిచేవా భాషలో దానికి "రండి, అమ్మా" అని అర్థం. నేను ఆ భాష మా ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు.

"ఏమంటివి ఒదినా?"

"నేనేమంటి? ఏమన్లేదే. ఎండకు నీ మొగం పీక్కపోయిండాది, లోపలికి పోయి నీళ్ళు తాగుపో."

పక్కనే ఉన్న అన్న, "ఏందో అనె. నాకి తెలీలా" అన్నాడు.

ఇక అక్కడ ఉండలేకపోయాను. బుక్కరాయసముద్రంలో నా ఇంటికి వచ్చి చిఫుందోకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మర్నాడూ అంతే. వస్తున్నానని కాలేజీకి చెప్పి టికెట్టు కొన్నాను.

కాలేజీలో నా రాక సంగతి విని, విమానాశ్రయానికి చిఫుందో కూతురు థోకో వచ్చింది. తనూ నర్సే. నన్ను పట్టుకుని ఏడ్చింది. మలేరియా జ్వరం మెదడుకెక్కి చిఫుందో చనిపోయింది. నేను బయలుదేరే సరికే మట్టి చేసేశారు.

కారులో థోకో ఒక సంగతి చెప్పింది. స్పృహ పోయే ముందు, ఒక ఉదయం, తల్లి ఏవో అర్థంకాని మాటలు మళ్ళీ మళ్ళీ అన్నదట. మీ భాష కావచ్చేమోనని గుర్తుపెట్టుకున్నానని, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ పలికింది.

"వానొస్తాండాది. కాయ ఎత్తండప్పా."

నా దగ్గర చిఫుందో నాలుగు తెలుగు మాటలు నేర్చుకుని ఉండొచ్చు. కానీ కాన్పుల వార్డులో ఈ మాట నేనెందుకు అంటాను? అది ఏ రోజని అడిగాను. నేను కల్లంలో ఉన్న రోజే. మనకు మధ్యాహ్నమైతే వాళ్ళకింకా ఉదయమే.

గదికి చేరగానే ఊరికి ఫోన్ చేశాను. వదినే ఎత్తింది. ఆ రోజు నేను వచ్చేశాక వానేమైనా పడిందా అని అడిగాను.

"నువ్వట్ల పోతివి, ఇట్ల మబ్బు కమ్ముకొనె. కాయ ఎత్తండప్పా అని అందర్నీ కేకలేస్తి. ఒక్క కాయ గూడా తడవలేదు. నీకెవురు చెప్పిరి?"

చిఫుందో సంగతీ, కల్లంలో తన నోట వచ్చిన పిలుపు సంగతీ చెప్పాను. వదిన, "ఆయమ్మ నాకి తెలీదు పాపా. పిలిచింటే పిలిచింటాది. ఆ పిల్లోల్లకి చదువు చెప్పేసి రా" అంది.

జ్వరంలో మెదడు చేసే మాయలు చాలా చదివాను, చాలా చూశాను. ఇది వాటిలో ఎక్కడా ఇమడదు. కాకతాళీయం అనుకుందామన్నా, ఏది దేనితో కలిసిందో నాకే అర్థం కాదు.

ఇది బ్లాంటైర్ నుంచే రాస్తున్నాను. ఈ వయసులో ఇంత దూరం ఎందుకొచ్చారని మొన్న క్లాసులో పిల్లలు అడిగారు. పిలిస్తే వచ్చానన్నాను. ఎవరు పిలిచారని అడిగితే, పాఠం మొదలుపెట్టాను.