మెట్ల చోట ర్యాంపు

నా కాళ్లు కదులుతాయి. కదిపేది మాత్రం నేను కాదు. పొద్దున దుప్పటి లాగగానే ఎడమ మోకాలు టక్కున లేస్తుంది, గడగడా వణుకుతుంది, తర్వాత దానంతటదే పడుకుంటుంది. మొదటిసారి అలా లేచినప్పుడు మా అత్త చేటలో బియ్యం చేటలోనే వదిలేసి వీధిలోకి పరుగెత్తింది.

"కోడలికి కాలు వచ్చినాది! వచ్చి చూడండమ్మా!"

వీధి వీధంతా వచ్చి నా మంచం చుట్టూ నిలబడింది. అందరూ చూస్తుంటే ఆ దరిద్రపు కాలు కదిలితేనా! నాకైతే సిగ్గుతో చచ్చినంత పనైంది.

నల్లమాడ దగ్గర పల్లె మాది. నేను పడిన ఏడు పైరుకు కావలసినప్పుడు ఒక్క చినుకు రాలలేదు. తీరా పండిన నాలుగు శనక్కాయలు మిద్దె మీద ఆరబోసిన రోజున వాన వచ్చింది. పట్ట కప్పుదామని ఉరికాను. తడిసిన అంచు మీద కాలు జారి కింద పడ్డాను. వెన్ను దెబ్బతింది. నడుము కింద నాకు ఏమీ తెలియదు.

మా అత్త గంగమ్మకు ముడుపు కట్టింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి దేవుని గూట్లో పెట్టి, "నా కోడలు తన కాళ్ల మింద నడిచొచ్చి నీకిచ్చుకుంటాది తల్లీ" అని మొక్కింది. అంతవరకు బాగానే ఉంది. తంటా అంతా మా ఇంటి ముందు రాతి మెట్ల దగ్గర వచ్చింది. మా ఆయన గొర్లు తోలుకుని పోతే పొద్దు గూకేదాకా నన్ను ఆ మెట్లు దించే దిక్కు లేదు. చక్రాల కుర్చీ ఉంది, చేతుల్లో సత్తువ ఉంది, వీధి కళ్ల ముందే ఉంది. కానీ గడప దాటలేను. ఒకరోజు మా ఆయన ర్యాంపు వేయిద్దాం అన్నాడు. అత్త పోయి ఆ మెట్ల మీదే కూర్చుంది.

"ముడుపు కట్టి ఈ పని చేచ్చే, తల్లికి ఏమని చెప్పినట్టు రా? నువ్వు ఇచ్చేది ల్యా, మేమే కుర్చీకి దోవ ఏసుకుంటాండామని చెప్పినట్టు కాదా?"

మా ఆయన కట్టె తీసుకుని గొర్ల వెంట పోయాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆమెతో వాదానికి దిగలేదు. ఎందుకంటే నాకూ లోపల అదే భయం.

కదిరిలో ఫిజియో చేయించే డాక్టరమ్మను అడిగాను, ఈ కాలు లేవడం మంచికా, చెడ్డకా అని. "మెదడు చెప్తే కదిలింది కాదమ్మా, వెన్నులో కింది భాగం దానంతటది చేసే పని" అంది. సరే, ఇంక ఆశ పెట్టుకోకూడదు అనుకున్నాను. ఆమె అక్కడితో ఆగిందా? "అంటే కింది నరాలు పూర్తిగా చచ్చిపోలేదన్నమాట. ఈ మధ్య వెన్నుకు సన్నగా కరెంటు ఇస్తూ సాధన చేయిస్తున్నారు. కొందరు నిలబడుతున్నారు. కొందరికి మూత్రం మీద కొంచెం పట్టు వస్తోంది. అందరికీ కాదు. ఇంకా పరిశోధనల్లోనే ఉంది" అంది.

చావనూ లేదు, బతకనూ లేదు. మరి నేనేం చేయాలి తల్లీ? కాచుకుని కూర్చోవాలా, మానుకోవాలా? ఆటోలో ఇల్లు చేరేదాకా తిట్టుకుంటూనే వచ్చాను. ఎవరిని తిడుతున్నానో నాకే తెలియదు.

మళ్లీ పోయినప్పుడు అక్కడ బెంగళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇలా వెన్ను దెబ్బతిన్నవాళ్లకు ఏం కావాలో వాళ్లనే అడిగి తెలుసుకునే పరిశోధనట. మా ఆయన, అత్త నా పక్కనే ఉన్నారు.

"అక్కా, మీకు ఒక్కటే తిరిగి వచ్చేటట్టుంటే ఏది ముందు రావాలి?"

"నడక" అంది మా అత్త. "ఇదీ అడగాల్నా?"

"అక్కను చెప్పనీయండమ్మా."

నడక అనే చెప్దామనుకున్నాను, ఒట్టు. కానీ నోరు తెరిచేసరికి పొరుగింటి నామకరణం గుర్తొచ్చింది. నన్ను మోసుకుపోయి అందరి మధ్యా కూర్చోబెట్టారు. చీర తడిసిన సంగతి నాకు తెలియనే తెలియదు. పక్కనున్నామె ముక్కు మూసుకుని జరిగాక తెలిసింది.

"ఒంటికి వచ్చేది నాకు తెలియాల. ఆపుకునేకి కావాల. నడక తర్వాత చూచ్చాం" అన్నాను.

"ఇట్ల చెప్పేవాళ్లు చానామంది ఉన్నారక్కా" అంది ఆ అమ్మాయి.

మా అత్త ముఖం చూడలేకపోయాను. ఇంట్లోకి వచ్చాక ఆమె విరుచుకుపడింది.

"ఇన్నేండ్లు నీ గుడ్డలు పిండింది నేను. ఎవరో ఊరుగాని ఊరి పాపకు చెప్పినావు, నాకు చెప్పల్యా! నేనేమో తల్లిని ఇంగోటి అడుగుతాండా."

పిండేది ఆమె కాబట్టే చెప్పలేకపోయానని ఎలా చెప్పేది? ఇద్దరమూ ఏడ్చాం, వేరు వేరు గదుల్లో.

కొన్నాళ్లకు అత్తే పోయి ర్యాంపుకని మేస్త్రీని పిలుచుకొచ్చింది. నా కళ్లను నేనే నమ్మలేదు. అతను మెట్లు కొలిచి, గడప లోపల కుర్చీలో ఉన్న నన్ను అడిగాడు.

"ఏమక్కా, సిమెంటుతో గట్టిగా ఏసేదా, ఊరికే రాళ్లు పేర్చి మట్టి మెత్తేదా? రేపు నువ్వు లేచి నడిచ్చే తీసేసేకి మట్టే మేలు."

నేను కోరుకున్న ర్యాంపే అది. కానీ సిమెంటు అంటే నా కాళ్లకు నేనే నీళ్లొదిలినట్టు. మట్టి అంటే వానకు కరిగిపోయి మళ్లీ ఇంట్లోనే పడి ఉండాలి. ఏం చెప్పను? మా ఆయన నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. ఊరికే ఆ మేస్త్రీ మీద కోపం ముంచుకొచ్చింది. ఇంకేమీ అడగడానికి దొరకలేదా ఈయనకు!

అత్త కొంగు నడుముకు దోపుకుని కిందికి దిగింది.

"సిమెంటే ఎయ్యప్పా. రేపు నడిచినా దాని మిందే నడుచ్చాది."