గడ్డి కప్పిన నేల

తొంభైల్లో మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు నుంచి రిటైరయ్యాక ఉతై అనే ఊరి దగ్గర రెండెకరాల మెట్ట కొన్నాడు. ఎర్రటి గులకరాళ్ళ నేల. వాన పడితే చాలు, పైమట్టి కొట్టుకుపోయేది. దున్నడం మానేసి, పంట కోశాక గడ్డీ దుబ్బులూ నేలమీదే వదిలేస్తే మట్టిలో కర్బనం పెరుగుతుందనీ, నీళ్ళు ఇంకుతాయనీ ఒక వ్యవసాయాధికారి చెప్పాడట. బతుకంతా బొగ్గు మండించిన మనిషి ఆ మాట పట్టుకున్నాడు. పట్టుకుంటే వదిలే రకం కాదు.

ఐదేళ్ళు నాగలి పెట్టనివ్వలేదు. కందీ అరికా కోసి, గడ్డి అక్కడే పరిచి, వానలకు కర్రతో గుంటలు పొడిచి విత్తనం వేసేవాడు. రిసాలిలో మా ఇంటి నుంచి సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. కాలేజీ పిల్లనన్న కనికరమైనా లేదు, నా సెలవులన్నీ అక్కడే తెల్లారిపోయేవి. ఐదో ఏడు గడ్డి తప్పించి చూపించాడు. మట్టి నల్లబడింది, వానపాములు కదులుతున్నాయి. ఆయన అంత మురిసిపోవడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాతి వేసవిలో నాకు భయం పట్టుకుంది. వానల ముందు అక్కడ అందరూ పొలాలు కాల్చేవారు. రోజుకో పొలం నల్లబడుతూ మా వైపు వస్తోంది. పక్క పొలం పెద్దాయన మంచివాడు, ముందే వచ్చి చెప్పాడు.

"బాబూజీ, కల్ హమ్ జలాయేంగే. ఆప్ భీ జలా దో, సాఫ్ హో జాయేగా."

రేపు తను కాలుస్తాడట. మమ్మల్నీ కాల్చి శుభ్రం చేసుకోమన్నాడు.

గట్టు పొడుగునా గడ్డి లాగేద్దామన్నాను. పొద్దు చాలదన్నాడు నాన్న. అంచున సన్నగా మనమే కాల్చేస్తే రేపు వాళ్ళ మంట ఇటు దాటడానికి ఏమీ మిగలదట.

"గాలొస్తే?" అన్నాను.

"ముప్పై ఏళ్ళు నిప్పు ముందర నిల్చున్నోడ్ని. నాకేటి సెప్తావే నువ్వు?"

నాకు ఒళ్ళు మండింది. తడి గోనెసంచి పట్టుకుని గట్టు మీద ఆ చివర నిలబడ్డాను. నాన్న వంగి అగ్గిపుల్ల గీశాడు. మంట బుద్ధిగా గట్టువైపే వచ్చింది. కాసేపటికి నా మొహాన కొట్టే పొగ ఆగిపోయింది. చూస్తే గాలి తిరిగి, మంట మా పొలంలోకి వంగుతోంది. నాన్న అటు తిరిగి ఉన్నాడు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. అంత తెలిసినవాడు తనే చూసుకోనీ అనుకున్నాను. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు, అంతే.

తర్వాత ఇద్దరం గోనెలతో ఎంత కొట్టినా ఆగలేదు. రెండెకరాలూ పోయాయి. పక్క పొలం పెద్దాయన వచ్చి చూసి, మంచి పని చేశారన్నట్టు తలూపాడు.

తొలి వాననాడు ఇద్దరం వెళ్ళాం. చుట్టుపక్కల పొలాల నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. మావి మాత్రం నల్లగా పోతున్నాయి. నాన్న తిట్టలేదు. గొడుగు నావైపు జరిపాడు.

"తప్పు నాదేనమ్మా. గాలి తిరగడం నువ్వు సూస్తే అరిసేదానివే. నేనే సూసుకోనేదు."

"అవును నాన్నా," అన్నాను.