దారం ఉందా అని అడిగే సారు

"సార్ పోయిండక్కా" అని సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చేసరికి, కోరుట్లలో నా రిపేరు షాపులో సారు ఇచ్చిన బోర్డే ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఉరుకులు పరుగుల మీద జగిత్యాలలో సారు ఇంటికి చేరేటప్పటికి ఆయన్ను కాటికి తీసుకెళ్లిపోయారు. బస్సు మీద కోపం వచ్చింది, నా మీద అంతకన్నా వచ్చింది. వారం కిందట ఆయనకు ఒక అబద్ధం చెప్పాను.

పాలిటెక్నిక్‌లో నాకు ఎలక్ట్రానిక్స్ నేర్పింది ఆ సారే. రిటైరయ్యాక సిరిసిల్ల సాంచలకు, అంటే మరమగ్గాలకు, చిన్న బోర్డు తయారుచేశారు. పేక దారం, అంటే అడ్డంగా నేసే పోగు, తెగితే సాంచను ఆపాలి, అదే దాని పని. ప్రోగ్రాము రాయడానికి నన్ను పిలిచారు. చిప్పేమో గోరంత. టైమరు, దారాన్ని కనిపెట్టే సెన్సరు కబురు అందుకునే పిన్ను, మోటారును ఆపే పిన్ను, అన్నీ అందులోనే. కానీ వేరే కంపెనీ చిప్పు వేస్తే లోపలి అమరికంతా మారిపోతుంది. అందుకే సారు ప్రోగ్రామును రెండు ఫైళ్లు చేశారు. చిప్పు సంగతులు తెలిసిన డ్రైవర్ ఒకటి, సాంచ సంగతి చూసుకునేది ఇంకొకటి.

"సాంచను ఆపేదానికి చిప్పు పేరు తెల్వద్దు బిడ్డా. దారం ఉన్నదా అని అడగాలె. లేదంటె ఆపాలె. గంతే" అనేవారు.

నేను వింటేగా! ఓసారి తొందరలో పిన్ను నంబరును నేరుగా రెండో ఫైల్లో రాసేశాను. బాగానే నడిచింది. తర్వాత ఆ చిప్పు దొరక్క వేరేది వేశాం. డ్రైవర్ మార్చాను గానీ, ఆ నంబరు మాట మరిచిపోయాను. కొత్త చిప్పులో ఆ పిన్నుకు తీగే లేదు. అది ఎప్పుడడిగినా దారం ఉందనే చెప్పింది. దారం తెగినా సాంచ ఆగలేదు. బట్టలో బెత్తెడు మేర పేక లేక నిలువు పడుగు పోగులు మాత్రమే మిగిలాయి.

సాంచ నడిపే అన్న ఆ బట్ట తెచ్చి మా ముందు పరిచాడు. "ఇగ గిది ఎవ్వలు కొంటరు సార్?"

"తప్పు నాదే" అన్నారు సారు, నా వైపు చూడకుండా. ఆ ముక్క కత్తిరించి తెచ్చుకుని, ఇంట్లో భార్య ఫోటో పక్కన గోడకు మేకు కొట్టి తగిలించుకున్నారు. ఆవిడ పోయాక ఆయనొక్కరే ఉండేవారు. ఈ విషయాలు మాట్లాడుకోవడానికి ఆయనకు నేను, నాకు ఆయన. కోరుట్లలో నన్నందరూ సెల్‌ఫోన్లు బాగుచేసే అక్క అనుకుంటారు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దారం కండె ఉండేది. ప్రోగ్రాము కొత్తగా ఎక్కించినప్పుడల్లా సెన్సరు ముందు దారం పట్టి తెంపి, సాంచ వైపు చెవి పెట్టేవారు. ఆగితే, అది తన మాట విన్నట్టు, "ఆఁ, ఇన్నది" అనేవారు.

ఈసారి మూడో చిప్పు. "ఎక్కిచ్చినవా బిడ్డా?" అని ఫోన్ చేశారు.

"ఎక్కిచ్చిన సార్, మంచిగ నడుస్తుంది" అన్నాను. అసలు మొదలే పెట్టలేదు.

"అయితె నేనచ్చి దారం తెంపుత" అన్నారు సంబరంగా.

సారు పదో రోజు కర్మ అయిపోయాక కూర్చుని డ్రైవర్ రాశాను. సారు రాసిన రెండో ఫైల్లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. సిరిసిల్ల వెళ్లి, షెడ్డులో అన్నీ మోతెక్కిపోతుంటే, ఆ అన్న దగ్గర కండె అడిగి తీసుకుని సెన్సరు ముందు దారం పట్టి తెంపాను. మా సాంచ ఆగింది. ఆయన మాటే కొత్త చిప్పులోంచి అడిగింది, ఆపింది.

"ఇన్నది సార్" అన్నాను. చుట్టూ ఉన్న చప్పుడులో అది నాకే వినబడలేదు.

అన్న దగ్గరికొచ్చి అడిగాడు. "ఇగ నడపాల్నా అక్కా?"

రెండు చేతుల్లో తెగిన దారం కొసలు అలాగే ఉన్నాయి.

"కొంచెం సేపు ఆగనియ్యి అన్నా" అన్నాను.