కోటు చంకలో విడిపోయిన కుట్టు

ఏటా ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేనత్త కొట్టుకి మూడు నల్ల చొక్కాలు వస్తాయి. వాటిలో ముగ్గురు మనుషులు ఇరుక్కుని ఉంటారు. ఒకాయన పళ్ల డాక్టరు, ఒకావిడ లెక్కల టీచరు, మూడో ఆయన పోస్ట్‌మాన్. మూడింటి మీదా ఒకటే బొమ్మ, ఎదురెదురుగా రెండు గిటార్లు, వాటి కింద పదిహేనేళ్ల కిందటి తేదీ. ఆ రోజు స్టేడియం గేటు దగ్గర కొన్నప్పుడు చక్కగా సరిపోయాయట. ఇప్పుడు వాటిని ఏటేటా వదులు చేయడం అత్త పని. పక్క కుట్లు విప్పి, నల్లబట్ట పట్టీలు అతికి మళ్లీ కుడుతుంది. డాక్టరు గారి చొక్కాలో ఇప్పటికి కంపెనీ బట్ట ఎంతో అత్త బట్టా అంత. నాలుగో చొక్కా అత్తదే. దాన్ని ఇంతవరకూ విప్పాల్సిన అవసరం రాలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతుంది.

అత్తది మెట్ల కింద గదిలో ఆల్టరేషన్ కొట్టు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ మేకులకి వరసగా దారపు రీళ్లు, కిటికీ దగ్గర పాత టేప్ రికార్డరు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, పెళ్లికి ముందు కొన్న కోట్లు పెళ్లయ్యాక కూడా పట్టేలా చేయడం ఆమె వృత్తి. మా ఇంట్లో ఎవరికీ అంటని పిచ్చి ఒకటి ఆమెకి అంటింది. ఓ రాక్ బ్యాండ్ పాటలంటే పద్దెనిమిదో ఏట నుంచీ చెవి కోసుకుంటుంది. మా మామయ్యకి ఆ పాటలు మెట్ల మీంచి గిన్నెలు దొర్లినట్టు వినిపిస్తాయి. అయినా పాపం ఆయన కొట్టుకి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే నిలబడి, పాట అయ్యాకే లోపలికి అడుగుపెడతాడు.

ఆ బ్యాండులో నలుగురు. పేరు మోగిపోతున్న రోజుల్లో వాళ్లలో వాళ్లు పోట్లాడుకుని తలో దారీ పట్టారు. ఇరవై రెండేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, జుట్టు నెరిశాక రెండే రెండు కచేరీల కోసం కలిశారు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. టికెట్ల క్యూలో అత్తకి ముందు డాక్టరు, వెనక పోస్ట్‌మాన్, అతని వెనక టీచరు. తొమ్మిది గంటలు రెండు గొడుగుల కింద సర్దుకున్న నలుగురు చుట్టాలు కాక ఏమవుతారు? టికెట్ల కిటికీ దగ్గరికి చేరేసరికి ఆదివారం కచేరీకి పక్కపక్క సీట్లు అడిగారు.

ఏటా చొక్కాల పని అయ్యాక టీ తాగుతూ ఆ కచేరీ కబుర్లు చెప్పుకుంటారు. దానికో కట్టుబాటు ఉంది. తను చూసిందీ విన్నదీ మాత్రమే చెప్పాలి. ఒకరు చెబుతుంటే రెండోవాళ్లు దిద్దకూడదు. డాక్టరు గారు మొదటి పాటకి కాళ్ల కింద నేల ఎలా అదిరిందో చెబుతారు. టీచరమ్మ డ్రమ్స్ వాయించే ఆయన ఎన్ని కర్రలు విరగ్గొట్టాడో లెక్కతో సహా చెబుతుంది. అత్త ‘తమ్ముడూ’ అని పిలిచే పోస్ట్‌మాన్ తక్కువ మాటల మనిషి. గిటారు వాయించే ఇద్దరూ అన్నేళ్ల తర్వాత ఒకే మైకు దగ్గరికి ఎలా వచ్చారో చెప్పి ఊరుకుంటాడు. చివర అత్త వంతు. ఆఖరి పాట ఆవిడది.

“పాట సగంలో పాడే ఆయన గొంతు పూడుకుపోయింది,” అంటుంది అత్త. “మైకు దించేశాడు. అంతే, జనమంతా అందుకున్నారు. నలభై వేల గొంతులు! ఆయన ఇలా చెయ్యి పైకెత్తాడు చూడండీ, తోలు కోటు చంకలో కుట్టు విడిపోయి ఉంది. లోపలి తెల్ల లైనింగు కనబడింది. అంత పెద్ద మనిషి, చంకలో చిరుగు చూసుకోలేదు. అక్కడే నాకు ఏడుపు ఆగలేదు.”

ఆ చిరుగు దగ్గరికి రాగానే డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు. చిన్నప్పుడు మిషను కింద గుండీలు ఏరుకుంటూ ఆ మాట విని నేనూ ముక్కు చీదుకున్న రోజులున్నాయి.

ఈ ఏడాది చొక్కాల ఆదివారానికి నెల ముందు బ్యాండ్ వాళ్ల ఆఫీసు నుంచి అభిమానులకి ఒక కబురు వచ్చింది. ఆ రెండు కచేరీల జ్ఞాపకాలతో పుస్తకం వేస్తున్నారు. మనిషికొక పేజీ. కళ్లారా చూసిందే రాయాలి, కింద సంతకం పెట్టాలి. నలుగురూ ఎగిరి గంతేశారు. టైపు చేసే పని నా నెత్తిన పడింది. ముగ్గురి కాగితాలు వారంలోపే వచ్చేశాయి. అత్తది రాలేదు. అడిగితే నీళ్లు నమిలింది. ఒకరోజు ఎవరి ప్యాంటుకో జిప్పు తలకిందులుగా కుట్టింది. ముప్పై ఏళ్ల పనిలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు, వినలేదు.

“ఏమైంది అత్తా?” అన్నాను.

టేప్ రికార్డరు కట్టేసింది. “ఆ పాట నేను వినలేదే.”

“ఏ పాట?”

“ఆఖరిది. అదొక్కటే కాదు, రెండో పాట తర్వాత ఏదీ వినలేదు. నిద్రపోయాను.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలభై వేల మంది గొంతులు చించుకుంటున్న చోట నిద్రపోవడమంటే మాటలా!

“అది బళ్లు తెరిచే వారం,” అంది అత్త. “అరవై జతల యూనిఫారాలు ఇచ్చేస్తే తప్ప కదలడానికి లేదు. రెండు రోజులు కన్ను మూయలేదు. మొదటి పాటకి అందరితో పాటు ఎగిరాను. రెండో పాట అవుతుంటే కాళ్లు లాగుతున్నాయని కాస్త కూర్చున్నాను. అంతే. మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. బుగ్గ మీద ఇంత పొడుగు కుట్టు అచ్చు పడింది. సంచి మీద తల పెట్టుకున్నాననుకుంటా. రైల్లో వస్తూ ఆ పాట గురించి తలో ముక్క చెప్పారు. నేనూ తలూపాను. ఆ ముక్కలన్నీ కలిపి కుట్టేశాను.”

“మరి చంకలో చిరుగు?”

“అది నా సొంతం. ఉత్త మాటలతో చెబితే నిజంలా అనిపించలేదు. చెయ్యెత్తి పాడేవాడికి ముందు పోయేది ఆ కుట్టే కదా!”

ముగ్గురి కాగితాలూ తీసి పైకి చదివాను. ‘కోటు చంకలో చిరుగు నా కళ్లతో చూశాను’ అని డాక్టరు గారు. ఆ చిరుగు మూడంగుళాలు ఉంటుందని టీచరమ్మ. నోరు విప్పని పోస్ట్‌మాన్ కూడా దాని మీద ఒక వాక్యం రాశాడు.

అత్త ముఖం పాలిపోయింది. “నా అబద్ధం నాతో పోతుందిలే అనుకున్నానే. ఇప్పుడు వీళ్లచేత కూడా సంతకాలు పెట్టిస్తున్నా. చెప్పకుండా ఎలా ఉంటాను? చెబితే మళ్లీ ఈ కొట్టుకి ఎందుకొస్తారు? చొక్కా వదులు చేసేవాళ్లు ఊళ్లో నేనొక్కదాన్నేనా?”

ఆ ఆదివారం ముందుగా చొక్కాల పని పూర్తి చేసింది. తర్వాత ఏమైనా సరే, వాళ్లకి చొక్కాలు లేకుండా పోకూడదని ఆమె ఆలోచన. ముగ్గురి కబుర్లూ అయ్యాయి. తన వంతు రాగానే మెడలో కొలత టేపుతో అలాగే లేచి నిలబడి, నిద్ర సంగతీ చిరుగు సంగతీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

టీచరమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది.

“రెండో పాట తర్వాతంటే పదకొండు పాటలు,” అంది.

డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. “మీరు నిద్రపోతే పోయారు టైలరమ్మా, నేను మేలుకునే ఉన్నానుగా! ఆ చిరుగు నేను చూశాను.”

“అది నేను కల్పించింది డాక్టర్ గారూ!”

“మీరు కల్పించారేమో. నేను చూశాను.” ఆయన పట్టిన పట్టు విడవలేదు. తన పేజీలో అక్షరం కూడా మార్చేది లేదన్నారు.

“ఈ గోల తర్వాత తేలుద్దాం,” అంది టీచరమ్మ. “నీ పేజీలో ఏం రాస్తావు? నువ్వు కళ్లారా చూసిందేమిటి?”

అత్త టేపు చివర వేలికి చుట్టుకుంది. “మిమ్మల్ని చూశాను,” అంది. “మెలకువ రాగానే తలెత్తితే ముగ్గురూ స్టేజీ వైపు చూస్తున్నారు. డాక్టరు గారి గడ్డం వణుకుతోంది. నువ్వు రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని ఉన్నావు. తమ్ముడి ముక్కు చివర నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అంతమంది జనంలో మిమ్మల్ని చూసింది నేనొక్కదాన్నే. ఆ పాట ఎంత బాగుండి ఉంటుందో అప్పుడు తెలిసింది.”

“అదే రాయి,” అంది టీచరమ్మ.

పోస్ట్‌మాన్ లేచాడు. నా చేతిలోంచి తన కాగితం తీసుకుని, “ఇది మళ్లీ రాసి నేనే పంపుతానమ్మా,” అన్నాడు. టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

అతనికి కోపం వచ్చిందని అత్త రెండు నెలలు బెంగపెట్టుకుంది. ఉత్తరాలు ఇచ్చేటప్పుడు ఎప్పటిలాగే నవ్వేవాడు. ఆ నవ్వు మామూలుదో కాదో ఆమెకి అంతుపట్టేది కాదు.

ఆ పుస్తకాన్ని కూడా అతనే తెచ్చాడు. కట్ట విప్పుతుంటే వెళ్లకుండా గుమ్మంలో నిలబడ్డాడు. మధ్యలో రెండు పేజీల నిండా ఆఖరి పాట ఫొటో ఉంది. గాయకుడు మైకు దించి చెయ్యి పైకెత్తాడు. ఒంటి మీద కోటే లేదు. చేతుల్లేని బనియనుతో ఉన్నాడు. పేజీ తిప్పితే డాక్టరు గారి సంతకం, దాని పైన ‘కోటు చంకలో చిరుగు నా కళ్లతో చూశాను’. అత్త నవ్విన నవ్వుకి బల్ల మీది కత్తెర కింద పడింది. నేను వెంటనే ఫోన్ చేసి చెప్పాను. “ఫొటో తీసే ముందు కోటు విప్పేసి ఉంటాడమ్మా,” అన్నారు డాక్టరు గారు తొణక్కుండా.

ఆ తర్వాతి పేజీ పోస్ట్‌మాన్‌ది.

‘ఆ రోజు ఆదివారమైనా డ్యూటీ ప్యాంటుతోనే కచేరీకి వెళ్లాను. మూడో పాటకి మా అక్క నా ఎడమ కాలికి తల ఆనించి నిద్రపోయింది. ఎన్ని రోజుల అలసటో. కదిలితే లేస్తుందని పదకొండు పాటలూ కదలకుండా నిలబడి విన్నాను. చుట్టూ అందరూ గంతులేస్తున్నారు. ఆఖరి పాటకి కాలు పూర్తిగా తిమ్మిరెక్కింది. ఏడుపొచ్చింది పాటకో కాలికో ఇప్పటికీ చెప్పలేను. నా జన్మలో పాటలు అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.’

అత్త చెయ్యి తనకి తెలియకుండానే బుగ్గ మీదికి వెళ్లింది. “అయితే ఆ కుట్టు అచ్చు సంచిది కాదన్నమాట,” అంది. కళ్లు తుడుచుకుని గుమ్మం వైపు తిరిగింది. “మరి చిరుగు గురించి నువ్వూ రాశావుగా తమ్ముడూ!”

“అదేమిటో అక్కా, నేనూ చూశాననే అనుకున్నాను,” అన్నాడతను సిగ్గుపడుతూ.

“నేను నిద్రపోయానని నీకు తెలుసు. ఏటా ఎదురుగా కూర్చుని నా కోతలన్నీ విన్నావు. ఒక్కసారైనా అనలేదేం?”

“కట్టుబాటు కదక్కా,” అన్నాడు పోస్ట్‌మాన్. “ఒకరు చెబుతుంటే రెండోవాళ్లు దిద్దకూడదు.”

సంచి భుజాన వేసుకుని సైకిలెక్కాడు. ఇంకా మూడు వీధుల ఉత్తరాలు మిగిలే ఉన్నాయి.