అమ్మమ్మ టైపు కొట్టిన పాట

మా అమ్మమ్మకు పాట రాదు. ఆవిడ జోల పాడితే నిద్రపోతున్నవాణ్ని లేచి కూర్చునేవాణ్నట. అలాంటి మనిషి రేడియోలో పాటల కార్యక్రమం చేయాలని పట్టుబట్టింది. ఇంట్లో చదువుకున్నవాళ్లెవరికీ తీరిక లేదు కాబట్టి, చదువు అబ్బని నేను ఆ సంగతి రాస్తున్నాను.

ఆవిడ రేడియో స్టేషన్లో టైపిస్టుగా చేరింది. చేతులు వార్తలు కొడుతుంటే, చెవులు ఎదురుగా ఉన్న స్టూడియో తలుపుకు అతుక్కుని ఉండేవి. అక్కడికి వచ్చేది పేరున్న గాయకులే.

"బయట ఎంతమంది పనిచేసుకుంటూ పాడుకుంటున్నారో సార్! వాళ్లను పిలవకూడదా?" అని డైరెక్టరు ప్రాణం తోడేసింది.

"ఒక్క ఆదివారం, పొద్దున అరగంట, అదీ లైవు," అన్నాడాయన విసిగిపోయి. "మీ కార్యక్రమం తేలిపోయిందా, ఇక ఆ అరగంటలో రికార్డులు వేసుకుంటాం. మీరు మళ్లీ మీ టైపు మిషను దగ్గరికి."

అమ్మమ్మ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. బజారు వెనక సందులో ఒక దర్జీ ఆమె కుట్టుమిషను తొక్కుతూ పాడుతోంది. అమ్మమ్మ అక్కడే నిలబడిపోయింది. ఎంతసేపంటే, పక్క కొట్టువాడు దొంగేమోనని కేకేశాడు.

ఆదివారం రానే వచ్చింది. స్టూడియో గోడలకు మెత్తలు, కింద తివాచీ, తలుపు మూస్తే బయటి లోకమే ఉండదు. దర్జీ ఆమె మైకు ముందు కూర్చుని నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

"అమ్మా, ఇక్కడ నా ఊపిరి నాకే వినిపిస్తోంది. మిషను చప్పుడు లేందే నాకు పాట రాదు. ఇంటికి పోతానమ్మా."

"మేడం, టైమైపోతోంది!" అని ఇంజనీరు అరిచాడు.

అమ్మమ్మ మాయమైంది. మరుక్షణం ఇనప టైపు మిషను పొట్టకు ఆనించుకుని, ఎర్రబడ్డ మొహంతో గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఇంజనీరు అడ్డం నిలబడ్డాడు.

"మేడం! ఇందులోకి గాజులు కూడా తీసి రమ్మంటాం. ఇంత చప్పుడా!"

"చప్పుడే కావాలి నాయనా. తప్పుకో, చేతులు పడిపోతున్నాయి."

"డైరెక్టరుగారు నన్ను నమిలేస్తారు."

"ముందు నన్ను నములుతాడులే. నీ దాకా వచ్చేసరికి కడుపు నిండిపోతుంది."

అతను నవ్వాపుకోలేక ఒక చెయ్యి వేశాడు. ఎర్ర లైటు వెలిగింది. టకటకటక... కుర్చీ కింద దర్జీ ఆమె పాదం కదిలింది. ఆ వెంటే గొంతు లేచింది! మిషను గంట టింగుమన్నప్పుడల్లా పాట కొత్త మలుపు తిరిగింది. అద్దం వెనక ఇంజనీరు తల ఊపుతూ మీటలు మరిచిపోయాడు.

"ఏం కొట్టావమ్మమ్మా?" అని నేనెప్పుడడిగినా, "నీ మొహం! కాగితం ఎక్కించే తీరిక ఎక్కడిది?" అంటుంది.

ఒక పాట కాదు, నాలుగు. ఇంతలో వార్తలు చదివే ఆయన అద్దం అవతల గడియారం చూపిస్తూ గంతులేస్తున్నాడు. వార్తలు ఎవరి కోసమూ ఆగవు. దర్జీ ఆమె కళ్లు మూసుకుని హాయిగా పాడుతోంది. సైగ చేస్తే కనపడదు. మీట తిప్పి గొంతు నొక్కేస్తే, కార్యక్రమం తేలిపోయిందనడానికి డైరెక్టరుకు కావలసింది అదే.

అమ్మమ్మ వేళ్లు నెమ్మదించాయి. కుట్టు చివర పాదం తేలిక చేసినట్టు, టక... టక... పాట కూడా నెమ్మదించి, ఒద్దికగా వచ్చి కూర్చుంది. టింగ్. వార్తలు.

డైరెక్టరు రొప్పుతూ వచ్చాడు. "ఆఫీసు మిషను ఎవరినడిగి తెచ్చారు?" అన్నాడు. అమ్మమ్మ మిషను మళ్లీ ఎత్తబోయింది. "సరే, వచ్చే ఆదివారం ఎవరు?" అన్నాడు.

ఎగిరి గంతేయాలనిపించిందట! అలా మా టైపిస్టమ్మ ప్రొడ్యూసరైంది. రిటైరయ్యేదాకా ప్రతి వారం ఇదే హడావిడి. ఆ క్షణంలో మాత్రం ఆవిడ మనసులో ఎవరూ లేరు. నోటికొచ్చింది అనేసింది.

"మా వీధి లాండ్రీ అతను సార్. గొంతు బంగారం!"

ఇంటికి కూడా రాకుండా నేరుగా లాండ్రీకి పరిగెత్తి, గుమ్మంలోంచే అడిగింది: "బాబూ, నీకు పాటలేమైనా వచ్చా?"